ఇరవైనాలుగో వంతు కారు

మేడమీది గది
ఫిబ్రవరి 9

ఒరేయ్ కట్టుడుపళ్ళ కంపెనీ,

నీ పార్సిల్ చేరింది. పెట్టె విప్పి, దూది తీసి, నువ్వు కట్టిన ఆ పచ్చ కారును కిటికీ దగ్గర పెట్టుకుని గంటసేపు చూశాను. బాగుంది. ఈ మాట మళ్ళీ అనను కాబట్టి ఇక్కడి దాకా కత్తిరించి గోడకు అంటించుకో.

ఇక మన ఆనవాయితీ. ఎవరు బొమ్మ కారు కట్టి పంపినా రెండోవాడు కనీసం మూడు తప్పులు పట్టి రాయాలని పదేళ్ళ కిందట రూలు పెట్టింది నువ్వే, అనుభవించు. ఒకటి, వెనక ఎడమ చక్రం నేలను ఆనలేదు. కింద పోస్టుకార్డు దూర్చితే అవతలికి వచ్చేసింది. రెండు, తలుపు అంచుల్లో రంగు ఒక పూత ఎక్కువైంది. మూడోది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ ముందు బంపరు ఇరవైఐదో వంతు కిట్‌లోది కదూ? ఇరవైనాలుగో వంతు బండికి దాన్ని తగిలించి, రెండు చివర్లా మైనం పూడ్చి, బావకేం కనిపిస్తుందిలే అనుకున్నావు. తమ్ముడి చొక్కా అన్నకు తొడిగి బొత్తాలు పెట్టినట్టుంది. పన్ను వెంట్రుకవాసి ఎత్తయినా మనిషి నమలలేడని నాకు పాఠాలు చెప్పేవాడివి, నువ్వేనా ఈ పని చేసింది?

నా సంగతంటావా. ప్రతి సోమవారం పదింటికి పోలీస్ స్టేషన్లో సంతకం. ఊరు దాటకూడదు. షాపు షట్టరు దించి ఐదు నెలలైంది. మనిషిని గుద్ది చంపినవాడి చేత కారు సీట్లు కుట్టించుకోవడానికి ఎవరికీ మనసు రావడం లేదు, వాళ్ళ తప్పేం లేదు. రోజంతా ఈ గదిలోనే ఉంటున్నాను. కిటికీ తీస్తే పక్కింటి గోడ, చేయి చాపితే తగులుతుంది. ఏప్రిల్ పదహారున కోర్టులో తప్పు ఒప్పేసుకుంటాను. రెండేళ్ళ దాకా పడొచ్చని లాయరు అంటున్నాడు.

అందుకే ఒక పని మొదలుపెట్టాను. మన బండినే కడుతున్నాను. అసలుది స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండుతోంది. సంతకానికి వెళ్ళినప్పుడల్లా కంచె అవతల నుంచి చూస్తాను. ఆ మోడల్‌కి కిట్ ఎక్కడా దొరకదు. దగ్గరి పోలిక ఉన్న కిట్ ఒకటి తీసుకుని కప్పు కోసేశాను. నీ ల్యాబులో అరిగిపోయి పారేసే సన్నటి డ్రిల్లు ముక్కలు ఓ పది, ఆ గులాబీ రంగు మైనం కొంచెం పంపు.

మీ అక్క బాగానే ఉంది. ఈమధ్య నాతో పోట్లాటే లేదు. ఏం చెప్పినా సరే అంటోంది.

నీ బావ


ల్యాబు, భోజనాల వేళ
ఫిబ్రవరి 20

సీట్ల బావా,

బంపరు సంగతి ఒప్పుకుంటున్నాను. కిట్ల పెట్టెలు రెండూ ఒకే అలమరలో ఉంచడం నా బుద్ధి తక్కువ. చక్రం సంగతి మాత్రం ఒప్పుకోను. మీ ఇంటి బల్లే వంకర.

డ్రిల్లు ముక్కలు పద్నాలుగు పెట్టాను, మైనం పెట్టాను. మా వాళ్ళు చూడకుండా మంచి పాలిష్ బ్రష్షు కూడా ఒకటి పెట్టాను. దాన్ని చూసి ఉద్యోగం ఊడగొట్టుకోకు అని నువ్వు రాస్తావని తెలుసు.

ఒక మాట అడగనా? ఐదు నెలలుగా అడగాలనుకుని నోరు నొక్కుకుంటున్నాను. నువ్వు మనిషిని గుద్దడమేంటి బావా? నువ్వు బండి నడుపుతుంటే సైకిళ్ళు బెల్లు కొట్టి పక్కనుంచి దాటిపోతాయి. ముప్పై దాటితే నీకు చెమటలు పడతాయి. పన్నెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో సగం ఊరికి బండి నేర్పిన అక్క, ఇంట్లోవాడికి మాత్రం నేర్పలేకపోయానని అందరి ముందూ నవ్వేది. పోయినాయన మంచివాడే కావచ్చు, ఖర్మ అలా ఉండొచ్చు. కానీ లాయరు వాదిద్దామంటుంటే కాదని ఒప్పేసుకోవడం దేనికి? ఆ కరెంటు మీటర్లు చూసే ఆయన మలుపులో అడ్డంగా వచ్చాడని నువ్వే అన్నావు కదా!

ఇంకోటి. మా అక్క సరే అంటోందా? గోడతోనైనా వాదన పెట్టుకునే మనిషి. ఫోన్ చేస్తే, బాగున్నాను, ఉంటాను అని రెండే మాటలు. నాకు ఇది నచ్చడం లేదు. ఆ మనిషి మా అక్కలా లేదు.

వేడి అచ్చు పిలుస్తోంది, వెళ్తాను.

నీ బావమరిది


మేడమీది గది
మార్చి 12

పళ్ళ కంపెనీ ప్రొప్రైటర్‌గారికి,

బ్రష్షు చూశాను. ఉద్యోగం ఊడగొట్టుకోకు.

బండి ఒక రూపానికి వచ్చింది. కప్పు నాలుగుసార్లు పుట్టీ పెట్టి రుద్దాను. రంగు మన బండి రంగే, ఎండకు వెలిసిన ఆ నీలం రావడానికి నీలంలో బూడిద రంగు చుక్కచుక్కగా కలిపి పదకొండు అట్టముక్కల మీద పూసి చూశాను. కుడి తలుపు మీద గీత గుర్తుందా, నువ్వు గేటుకి రాసుకుంటూ వెనక్కి తీసిన రోజుది? అది కూడా పెట్టాను. నీ పేరు చిరస్థాయిగా ఉంటుంది.

సీట్లు చూస్తే నువ్వు ఏడుస్తావు. చిరిగిన తోలు చేతిసంచీ లోపలి పొర తీసి, సూదితో నిజంగా కుట్టాను. అంగుళానికి ఎన్ని కుట్లు వస్తాయో లెక్కపెట్టబోయి కళ్ళు నీళ్ళు కారాయి. ముందు సీట్లు రెండూ పట్టాల మీద ముందుకీ వెనక్కీ కదులుతాయి. అసలు బండిలో ఉన్నట్టే.

కేసు గురించి అడక్కు. నాకు మాట్లాడాలని లేదు. ఎవరు అడ్డం వచ్చారన్నది ఇప్పుడు దేనికి, ఆయన తిరిగి రాడు కదా. నువ్వు అడిగినకొద్దీ మీ అక్క దగ్గర ఆ మాట వస్తుంది, అది నాకు ఇష్టం లేదు.

ఆవిడ రోజూ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడుతోంది. లోపలికి రాదు. నిన్న ఏమనుకుందో, నేనేమైనా చేయనా అంది. నంబరు ప్లేటు రాయమన్నాను. ఎంత బాగా రాసిందో చూస్తావుగా. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు మళ్ళీ రమ్మని కబురు పెట్టారు, వెళ్ళనంది. కొన్నాళ్ళకు వెళ్తుందిలే. లైసెన్సు ఉంది, చేతిలో పని ఉంది. నేను లోపల ఉన్నా ఆవిడకు ఏ లోటూ ఉండదు.

నెలాఖరుకి బండి నీకు పంపుతాను. నేను వెళ్ళాక ఇక్కడ దుమ్ము దులిపేవాళ్ళు ఉండరు. తప్పుల చీటీ తొందరగా రాయి, పదహారులోపు చదువుకోవాలి. ఒక్క తప్పు పట్టు చూద్దాం.

నీ బావ


ల్యాబు
మార్చి 30

బావా,

బండి అందింది. అద్దం కూడా పగల్లేదు.

మా ల్యాబులో అందరికీ చూపించాను. పెద్దాయన భూతద్దం పెట్టుకుని చూసి, ఈయన పళ్ళు కట్టే పనిలోకి ఎందుకు రాలేదని అడిగాడు. రంగు సరిగ్గా అదే. గేటుకి రాసుకున్న గీత చూసి సిగ్గుపడ్డాను. ఆ సీట్ల మీద వేలు పెడితే నిజంగా కూర్చోవాలనిపించింది.

తప్పుల కోసం రెండు రోజులు వెతికాను. ఒకటి, వెనక అద్దం రబ్బరు మీద రంగు చుక్క పడింది. రెండు, డ్రైవరు సీటు కింద బంక మరక. నువ్వు బంక మరక వదలడం నా జీవితంలో చూడలేదు. దాన్ని గీకుదామని డ్రిల్లు ముక్క తీసుకుని దగ్గర పెట్టుకున్నాను, అప్పుడు మూడోది కనిపించింది.

కదులుతుందని రాశావు కదా, ఆ సీటు కదలడం లేదు. ముందుకు జరిపి అంటించి ఉంది. పట్టా మీద కొలిచాను. మధ్య గాడి నుంచి నాలుగు మిల్లీమీటర్లు ముందుకుంది. ఇరవైనాలుగుతో హెచ్చవేస్తే అసలు బండిలో దాదాపు పది సెంటీమీటర్లు. నీ కాళ్ళకి ఆ సీటులో కూర్చుంటే స్టీరింగు పొట్టలో గుచ్చుకుంటుంది. నువ్వు ఎక్కినప్పుడల్లా చివరి గాడి దాకా తోసేవాడివి, టక్కుమని చప్పుడయ్యేది. ముందుకు లాక్కుని కూర్చునేది ఒక్క మనిషే. మా ఇంట్లోకల్లా పొట్టి మనిషి.

మళ్ళీ కొలిచాను. మూడుసార్లు కొలిచాను. కొలత తప్పయితే బాగుండునని ఇంతగా ఎప్పుడూ అనుకోలేదు.

బండిని ఆ రోజు ఎలా ఉందో అలాగే కట్టావు, అవునా? అద్దం పక్కన ఆ చిన్న సొట్టతో సహా.

ఆ రోజు ఎవరు నడిపారు బావా?

నీ బావమరిది


మేడమీది గది
ఏప్రిల్ 4

ఒరేయ్,

ఆ బండి వెంటనే తిరిగి పంపించు. సీటు తప్పుగా పడింది. సరిచేసి ఇస్తాను.

పై వాక్యం రాసి కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నీకు అబద్ధం రాయడం నా వల్ల కాదు. నాలుగు మిల్లీమీటర్లు అని కొలిచి రాసినవాడికి ఏం చెప్పి నమ్మించను?

సీటును వెనక్కి పెట్టాననే నేననుకున్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను. అసలు బండిలో సీటు ఇప్పటికీ అలాగే ముందుకుంది, ఒక్క పోలీసూ చూడలేదు. ప్రతి సోమవారం కంచె అవతల నుంచి నేను చూసేది ఆ సీటునే. చూసీచూసీ నా చేయి దాన్నే పెట్టేసి ఉంటుంది. ముప్పై ఏళ్ళు సీట్లు కుట్టిన చేయి, దానికి నా అబద్ధం ఎక్కలేదు.

అవును, మీ అక్కే. మధ్యాహ్నం, గోడౌన్ల వెనక వీధి, నరమానవుడు లేడు. నాకు ఫోన్ చేసింది. నేను స్కూటరు మీద ఆరు నిమిషాల్లో వెళ్ళాను. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉంది. అప్పటికే ఆయనకు స్పృహ లేదు. అంబులెన్సు ఇంకా రాలేదు. నేను ఆలోచించలేదురా. స్కూటరు తాళం చేతిలో పెట్టి, నువ్వు ఇంటికి పో అన్నాను. వెళ్ళనంది. అరిచాను. వెళ్ళింది.

అసలు తప్పు నాదే. మీ అక్క తేవాల్సిన తోలు షీటు కోసం షాపులో కస్టమరు కూర్చుని ఉన్నాడు, ఎంతసేపని ఆ సమయంలో ఫోన్ చేసింది నేను. ఆ ఫోన్ మోగకపోతే ఆవిడ రోడ్డు మీది నుంచి చూపు తిప్పేది కాదు. పైగా బండి నేర్పే మనిషి. ఆ పేరు పోతే ఆవిడకు ఇంకేం మిగులుతుంది? నాకు పోయేదేముంది, సీట్లు లోపల కూడా కుడతాను.

పన్నెండు రోజులు నోరు మూసుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను అని రాయాలా? రాస్తున్నాను. ఈ ఉత్తరం కాల్చెయ్.

నీ బావ


ఇల్లు
ఏప్రిల్ 8

బావా,

కాల్చాను. కాల్చినందుకు ఏం ప్రయోజనం, ప్రతి మాటా నాకు కంఠతా వచ్చేసింది.

రేపు ఒక పెద్దావిడకు కింది పళ్ళ వరస ఇవ్వాలి, ఇవాళ దాన్ని రెండుసార్లు పాడుచేశాను. నోరు విప్పితే అక్కను జైలుకు పంపినవాణ్ణవుతాను, మూసుకుంటే నిన్ను. నువ్వు తలుపు వేసుకుని కూర్చున్న ఆ గదిలోకి నన్నూ లాగి గడియ పెట్టావు బావా. నాకు నీ మీద కోపంగా ఉంది. నీలాంటివాడు ఇంకొకడు ఉండడని కూడా అనిపిస్తోంది. రెండూ నిజమే, ఏం చేయను?

నువ్వు చెప్పినట్టే నోరు మూసుకుంటాను. కానీ ఒక్కదానికి జవాబు రాయి. ఈ ఏర్పాటు నీకు కావాలా అని అక్కను ఎప్పుడైనా అడిగావా?

నీ బావమరిది


వంటింటి గట్టు
ఏప్రిల్ 14

చిన్నోడా,

మీ బావకు నువ్వు రాసిన ఉత్తరం పోస్ట్‌మ్యాన్ నా చేతికిచ్చాడు. విప్పి చదివాను. మీ ఇద్దరి ఉత్తరాలు నేనెందుకు చదవడం అని ఇన్నేళ్ళలో ఒక్కసారీ ముట్టుకోలేదు. ఇవాళ చదివాను. చదివి నీ ప్రశ్నకు జవాబు నేనే రాస్తున్నాను. అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ సంగతి నీకు ఆ బొమ్మ బండిలో సీటు చూసే తెలిసి ఉంటుంది, దాన్ని అలా పెట్టింది ఆయన కాదు. నేను జరిపాను.

పార్సిల్ కట్టేముందు ఆయన స్టేషన్‌కి సంతకానికి వెళ్ళారు. నేను ఆ గదిలోకి మొదటిసారి గుమ్మం దాటి వెళ్ళాను. చూస్తే సీటు వెనక్కి, చివరి గాడి దాకా తోసేసి ఉంది. అంత శ్రద్ధగా కట్టిన బండిలో ఆ ఒక్కటీ అబద్ధం. నాకు ఏదో అయిపోయింది. జడపిన్నుతో ముందుకు నెట్టి, ఆయన బంక తీసి రాశాను. అలవాటు లేని పని, మరక పడింది. నీకు చెప్పడానికి నోరు రాలేదు, నువ్వు తప్పులు వెతుకుతావని మాత్రం తెలుసు. నువ్వు కనిపెట్టాలనుకున్నానో, కనిపెట్టకూడదనుకున్నానో నాకే తెలియదు. ఇప్పుడు ఆయన తన చేతినే నిందించుకుంటున్నారని నీ ఉత్తరంలో లేకపోయినా నాకు తెలుసు. పది రోజులుగా సూది పట్టుకుని తన చేతికేసి చూస్తూ కూర్చుంటున్నారు.

ఆయన నన్ను ఒక్క మాటైనా అనరు రా. అదే నాకు ఊపిరాడకుండా చేస్తోంది. అంటే తిరిగి అనొచ్చు. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చినా, ఈయన నా బదులు జైలుకు పోతున్నారు అనుకుంటూ ఇస్తున్నాను. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా చాలు, బతికిపోతాను. అనరు. వీధిలో ఆడవాళ్ళు నన్ను చూసి, పాపం, మొగుడు చేసినదానికి ఈవిడేం చేస్తుంది అని పక్కకు తప్పుకుంటున్నారు. నేను చంపిన మనిషి కోసం ఏడ్చే హక్కు కూడా నాకు లేదు. ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నేనే గడప దాటలేకపోతున్నాను. మంచివాడు వేసిన గడియ ఎలా తీయాలో ఎవరూ నేర్పలేదు నాకు.

పోయిన వారం ఆ మీటర్లాయన కూతురు వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది, ఇరవైనాలుగేళ్ళుంటాయేమో. గేటు దగ్గరే నిలబడి, లోపలికి రానంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాం. ఒక్కటే అడిగింది. "చివర్లో మీరే కదండీ పక్కన ఉన్నది. మా నాన్న ఏమైనా అన్నాడా?" మీ బావ తల వంచుకుని, "ఏమీ అనలేదమ్మా" అన్నారు. పాపం ఆయనకు తెలిస్తే కదా. ఆ అమ్మాయి, "సరేనండీ" అని వెళ్ళిపోయింది. నేను ఇక్కడే, ఈ గట్టు పట్టుకుని విన్నాను.

ఆయన అన్నారు చిన్నోడా. నాతో అన్నారు. స్పృహ తప్పేలోపు ఒక మాట స్పష్టంగా అన్నారు. అది ఆ అమ్మాయి ఆస్తి, నేను ఏడు నెలలుగా ఇంట్లో దాచుకుని కూర్చున్నాను. నీకు కూడా రాయను. ముందు ఆ అమ్మాయికే చెప్పాలి. చెప్పాలంటే, ఆ రోజు అక్కడున్నది నేనేనని ముందు చెప్పాలి.

పదహారున వెళ్తున్నాను. మీ బావకు చెప్పలేదు, చెబితే బతిమాలతారు, ఆయన బతిమాలితే నేను మళ్ళీ సరే అంటాను. భయంగా ఉంది. ఇది నీకు చేరేసరికి అయిపోయి ఉంటుంది, అడ్డుపడటానికి పరుగెత్తుకు రాకు.

అక్క


కోర్టు వరండా
ఏప్రిల్ 16

ఒరేయ్,

మీ అక్క చెప్పేసింది.

నా పేరు పిలిచారు. నేను లేచేలోపే వెనక బెంచీ నుంచి, "అయ్యా, బండి నడిపింది నేను" అంది. లాయరు చేతిలో కాగితాలు కింద పడ్డాయి. నేను ఏమన్నానో తెలుసా? "ఆవిడకు మతి స్థిమితంగా లేదు" అన్నాను. అవునురా, అన్నాను. ఏడు నెలలు అలవాటైన నోరు, దానంతటదే అనేసింది. మీ అక్క నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు ముందు నేను కూర్చుండిపోయాను. తర్వాత ఆవిడ అన్నీ చెప్పింది, ఫోన్ మోగడం, మలుపు, స్కూటరు. సీటు ముందుకుందో లేదో వెళ్ళి చూసుకోమంది.

కేసు ఆవిడ పేరు మీదికి మారుతుంది. అబద్ధం చెప్పినందుకు నా మీద వేరేగా ఒకటి. ఆవిడకు పూచీ పడటానికి మనుషులు కావాలట, నువ్వు రావాలి. లాయరు లోపల కాగితాలు రాయిస్తున్నాడు, నేను ఈ బెంచీ మీద నీకు రాస్తున్నాను.

ఆవిడను అడిగావా అన్నావట, జవాబు 'అడగలేదు' అనే. నీ ఉత్తరం తనే విప్పిందని మీ అక్క ఇందాకే చెప్పింది, జవాబు కూడా ఆవిడే రాసిందటగా.

బయటికి రాగానే ఆ అమ్మాయి ఎదురొచ్చింది. ఇన్నాళ్ళూ నన్ను ఎలా చూసేదో నాకు అలవాటే, అందుకే ముందుకు వెళ్ళి మీ అక్కకు అడ్డంగా నిలబడ్డాను. చేత్తో నన్ను పక్కకు జరిపింది.

"మీరేనా మా నాన్న దగ్గర ఉన్నది?"

"నేనేనమ్మా" అంది మీ అక్క.

"ఏమైనా అన్నాడా?"

"అన్నారు. 'నాకేం కాలేదమ్మా. మా అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి, పనిలో ఉంటుంది, కంగారుపడుతుంది' అన్నారు."

ఆ అమ్మాయి గోడకు ఆనుకుని అలా కిందికి జారి కూర్చుంది. మీ అక్క కూడా పక్కన నేల మీద కూర్చుంది, కాస్త దూరంగా. జనం మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు. కాసేపటికి ఆ అమ్మాయి, "మిమ్మల్ని నేను క్షమించనండీ" అంది. "వద్దమ్మా" అంది మీ అక్క. ఇంకాసేపు పోయాక, తల ఎత్తకుండానే, "ఇంకోసారి చెప్పండి, ఆయన అన్నట్టే" అంది. మీ అక్క మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకుంది.

నేను పక్కనే నిలబడి మూడుసార్లూ విన్నాను. ఏడు నెలలు ఒకే ఇంట్లో ఉండి, ఆ మాట నేనూ ఇవాళే వినడం.

నీ బావ